మొదటి ట్రాక్ డేకి ఇంకా మూడు వారాలు: బ్రేకులకు ఏం చేయాలి, ఏం అక్కర్లేదు?

మధ్య_ఇంజిన్:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

కారు 2007 నాటి పోర్షే కేమన్ ఎస్, మాన్యువల్ గేర్లు. రెండేళ్ల కిందట కొన్నాను. నాకు ముందు ఇద్దరు నడిపారు. ఇంకో మూడు వారాల్లో మొదటిసారి రేసు ట్రాక్ మీదకు తీసుకెళ్తున్నాను. ఇరవై నిమిషాల చొప్పున ఐదు విడతలు, పక్క సీట్లో శిక్షకులు ఉంటారు. వాళ్లు పంపిన పటం చూశాక గుండె కాస్త జారింది. పొడవాటి తిన్నటి దారి చివర ఇలాంటి కార్లు 200 అందుకుంటాయని, అక్కడి నుంచి 80కి తగ్గి కుడికి తిరగాలని రాశారు. నేను ఇంతవరకు 200లో బ్రేకు వేసి ఎరగను.

మొన్న ఆదివారం చక్రాలు విప్పి చూశాను. ముందు ప్యాడ్లలో 6 మిల్లీమీటర్లు మిగిలింది, వెనక వాటిలో 7. డిస్కుల అంచున గోరుకు తగిలేంత గట్టు ఉంది. రంధ్రాల చుట్టూ వెంట్రుకంత సన్నని గీతలు. బ్రేక్ ఆయిల్ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. సర్వీసు పుస్తకం తిరగేస్తే దాన్ని మార్చినట్టు చివరిసారి రాసినది నాలుగేళ్ల కిందట. అందులో రెండేళ్ల నిర్లక్ష్యం నాదే.

ఇన్ని చెబుతున్నాను గానీ, రోడ్డు మీద బ్రేకులకు వంక పెట్టలేను. పెడల్ రాయిలా ఉంటుంది. ఎక్కడ నొక్కితే అక్కడ ఆగుతుంది.

ఒక మిత్రుడు "ఆరు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బిగింపులు), పెద్ద డిస్కులు వేయకుండా వెళ్లకు" అంటాడు. ఇంకో మిత్రుడు "అది పుట్టిందే స్పోర్ట్స్ కారుగా, ఏమీ ముట్టుకోకు" అంటాడు. ఇద్దరూ నాకంటే అనుభవం ఉన్నవాళ్లే.

నా భయం వెనక ఒక కథ ఉంది. పన్నెండేళ్ల కిందట వేరే కారులో, నిండా సామానుతో, పొడవైన కొండ దారి దిగుతున్నాను. సగం దిగాక పెడల్ ఉన్నట్టుండి మెత్తబడి నేలకు ఆనింది. నాలుగైదుసార్లు గబగబా తొక్కితే కొంచెం పట్టింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి ఎలాగో పక్కకు ఆపాను. అరగంట తరువాత పెడల్ మామూలుగా ఉంది. మెకానిక్ చూసి "ఏ లోపమూ లేదు" అన్నాడు. ఏమైందో నాకు ఈరోజుకీ తెలియదు. ట్రాక్ మీద అదే జరిగితే?

పాత_పానా:

ముందు మీ కొండ కథ సంగతి తేలుద్దాం. అది తేలితే సగం జవాబు అందులోనే ఉంది.

మీ బ్రేక్ ఆయిల్ మరిగింది. అంతే. ఆయిల్ అని పిలుస్తాం గానీ ఈ కార్లలో వాడేది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత బిగించే ఉన్నా రబ్బరు గొట్టాల గుండా, డబ్బా శ్వాసరంధ్రం గుండా ఏళ్ల తరబడి కాస్త కాస్త నీరు చేరుతూనే ఉంటుంది. నీరు చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. బ్రేక్ ద్రవాలకు పెట్టిన డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు కలిస్తే చాలు, ఆ ప్రమాణమే కనీస హద్దును 155కి దించేస్తుంది. ప్యాడ్ల వేడి పిస్టన్ల ద్వారా కాలిపర్‌లోకి ఎక్కి ద్రవం మరిగినప్పుడు ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది, డిస్కు దాకా ఏమీ చేరదు. గబగబా తొక్కినప్పుడు పెడల్ తోసే మాస్టర్ సిలిండర్ ఇంకొంత ద్రవాన్ని ముందుకు నెట్టింది, అందుకే కొంచెం పట్టింది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైంది. మెకానిక్ చూసేసరికి సాక్ష్యం మాయం.

రోడ్డు మీద పెడల్ రాయిలా ఉందన్న మాట మీకు ధైర్యం ఇవ్వకూడదు. నాలుగేళ్ల పాత ద్రవం కూడా 150 డిగ్రీల దాకా రాయిలాగే ఉంటుంది. ఆ తరువాతే దాని అసలు రంగు తెలుస్తుంది. రంగు అన్నాను గనుక చెబుతున్నాను, మీరు చూసిన గోధుమ రంగును నమ్మకండి. తేటగా కనిపిస్తూ నీరు పట్టినవి చూశాను, నల్లగా ఉండి పరవాలేదనిపించినవీ చూశాను. తేదీని నమ్మండి.

కాబట్టి మొదటి పని, అన్నిటికంటే ముఖ్యమైన పని, ద్రవం మొత్తం మార్చడం. ట్రాక్ కోసం చేసిన రకాలు దొరుకుతాయి. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు మరిగేది 312 డిగ్రీల దగ్గర. ఇవీ గ్లైకాల్ జాతివే కాబట్టి మీ కారుకు సరిపోతాయి. డబ్బా మీద డాట్ 5 అని ఉంటే మాత్రం ముట్టుకోకండి, అది సిలికాన్. డాట్ 5.1 వేరు, అది మళ్లీ గ్లైకాలే. ఈ అంకెలు పెట్టినవారికి దండం.

మీరే చేసుకునేటట్టయితే కేమన్‌లో రెండు మెలికలున్నాయి. ఒకటి, ప్రతి కాలిపర్‌కూ లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున గాలి తీసే నిపుల్స్ రెండేసి ఉంటాయి. మొత్తం ఎనిమిది. లోపలివి మరిచిపోతే సగం పాత ద్రవం అక్కడే కూర్చుంటుంది. రెండు, మాన్యువల్ కారులో క్లచ్చి కూడా అదే డబ్బాలోని ద్రవంతో పనిచేస్తుంది. దాని నిపుల్ కూడా తెరిచి మార్చితేనే పని పూర్తి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది, సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్నదానితో. పెడల్ తొక్కి గాలి తీసే పద్ధతిలో అయితే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి, నేల దాకా పోకుండా ఆపండి. పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ పిస్టన్ వెళ్లని భాగం గరుకెక్కి ఉండవచ్చు. అక్కడిదాకా తోస్తే లోపలి రబ్బరు సీళ్లు చిరుగుతాయి. డబ్బాలో ద్రవం అడుగంటకుండా మధ్య మధ్య నింపుతూ ఉండండి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు ఊడుతుంది. మిగిలిన సగం డబ్బాను వచ్చే ఏడాదికి దాచకండి, మూత తీసిన క్షణం నుంచే అది తేమ తాగడం మొదలుపెడుతుంది.

ఇక ప్యాడ్లు. 6 మి.మీ. ఒక్క రోజులో అరిగిపోతుందని కాదు నా అభ్యంతరం. ప్యాడ్ అంటే ఆపే వస్తువే కాదు, డిస్కుకూ ద్రవానికీ మధ్య గోడ కూడా. గోడ సగానికి పలచబడితే వేడి అంత త్వరగా అవతలికి దాటుతుంది. కొత్తవి వేయండి. అదీ రోడ్డుకూ ట్రాక్‌కూ పనికొచ్చే రకం, ఎక్కువ వేడిని తట్టుకునేది. అరుస్తాయి, చక్రాల నిండా నల్లటి దుమ్ము పోస్తాయి, పొద్దున్నే మొదటి రెండు బ్రేకులకు బద్ధకిస్తాయి. భరించాలి.

డిస్కుల గట్టు చూసి భయపడకండి, కొలవండి. మీ కారుకు ముందు డిస్కులు కొత్తవి 28 మి.మీ. మందం, 26కి వస్తే మార్చాలి. వెనకవి 24, హద్దు 22. వెర్నియర్‌తో కొలిస్తే అంచు గట్టు అడ్డుపడి ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్‌తో ప్యాడ్ తిరిగే చోట నాలుగైదు తావుల్లో కొలవండి. రంధ్రాల దగ్గర వెంట్రుక గీతలు ఈ రకం డిస్కులకు మామూలే. అయితే ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి పాకినా, బయటి అంచును తాకినా, గోరు దిగబడేంత లోతున్నా అది గీత కాదు, పగులు. ఆ డిస్కుకు ట్రాక్ యోగం లేదు.

ఆరు పిస్టన్ల కిట్ మాట ఈ ఏడాది మరిచిపోండి. కారును చివరికి ఆపేది టైరు. మీ ఇప్పటి నాలుగు పిస్టన్ల కాలిపర్లు చక్రాలను ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే వ్యవస్థ) దాకా సులభంగా తీసుకెళ్తాయి, అంతకు మించి ఏ కాలిపర్ తీసుకెళ్లినా లాభం లేదు. పెద్ద కిట్‌తో వచ్చేది వేడిని మోసే ఓపిక. ఆ ఓపిక అవసరమయ్యేంత వేగంగా మీరు నడపడానికి ఇంకా చాలా రోజులుంది. కోపం తెచ్చుకోకండి.

నా మొదటి ట్రాక్ డేకి నేను స్టీలు అల్లిక గొట్టాలు వేశాను, కాలిపర్లు విప్పి ఎర్ర రంగు పూశాను, గాలి తగలాలని డిస్కుల వెనక రేకులు కోశాను. ద్రవం మాత్రం పాతదే. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. మూడో విడతలో ట్రాక్ పక్కనుండే కంకర గుంటలో ముక్కు దూర్చి ఆగాను. కారు కిందనుంచి కంకర తీయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఎర్ర రంగు వేడికి గోధుమ రంగయింది.

లెక్కల_మనిషి:

పాత_పానా గారు చెప్పినదానికి అంకెలు తొడుగుతాను. 200 నుంచి 80 అంటే ఎంత వేడో లెక్క వేస్తే ఎవరి భయం ఎంత సబబో తెలుస్తుంది.

కారు, మీరు, శిక్షకుడు, పెట్రోలు అన్నీ కలిపి 1500 కిలోలు అనుకుందాం. 200 కి.మీ. వేగం అంటే సెకనుకు 55.6 మీటర్లు. చలన శక్తి 23 లక్షల జౌళ్లు. 80 దగ్గర మిగిలేది 3.7 లక్షలు. తేడా 19 లక్షల పైచిలుకు. గాలి నిరోధం, ఇంజిన్ పట్టు కొంత తీసుకుంటాయి, దాన్ని వదిలేద్దాం. మిగతాది నాలుగైదు సెకన్లలో నాలుగు డిస్కుల్లో పడుతుంది. మూడింట రెండు వంతులు ముందువాటికి అనుకుంటే ఒక్కో ముందు డిస్కుకు ఆరు లక్షల పైన. ఎనిమిది, తొమ్మిది కిలోల ఇనుప డిస్కు ఆ దెబ్బకు దాదాపు 150 డిగ్రీలు ఎక్కుతుంది. ఒకే ఒక్క బ్రేకుకు.

తరువాతి మలుపుకు ముందు అది మొత్తం చల్లారదు. కొంత దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. రెండు మూడు చుట్ల తరువాత దిగేదీ ఎక్కేదీ సమమయ్యే స్థాయి ఒకటి కుదురుతుంది. ఆ స్థాయి 400 దగ్గరా 600 దగ్గరా అన్నది ట్రాక్‌ను బట్టి, కాలిని బట్టి. మామూలు రోడ్డు ప్యాడ్లు చాలావరకు ఆ మధ్యలోనే చేతులెత్తేస్తాయి.

ఇంకో సంగతి. చలన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 200కి బదులు 180 దగ్గర బ్రేకు మొదలుపెడితే డిస్కుల్లో పడే శక్తి దాదాపు 23 శాతం తగ్గుతుంది. తిన్నటి దారి చివర కాస్త ముందే యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు. మొదటి రోజు కొత్తవాళ్లకు ఇంతకంటే చవకైన బ్రేక్ కిట్ ఉండదు.

ఊహలు వద్దనుకుంటే వేడి చూపే రంగులు దొరుకుతాయి. డిస్కు బయటి అంచున మూడు గీతలు గీయాలి. ఆకుపచ్చ 430 డిగ్రీలకు, నారింజ 560కి, ఎరుపు 610కి రంగు మారతాయి. సాయంత్రం చూస్తే ఏ మెట్టు దాటారో డిస్కే చెబుతుంది.

రెండో_మలుపు:

నేను పక్క సీట్లో కూర్చునేదాన్ని, కొత్తవాళ్లకు నేర్పుతాను. కాబట్టి నా చూపు పానా వైపు నుంచి కాదు, పెడల్ వైపు నుంచి.

పాత_పానా గారి ద్రవం పాఠానికి చేతులెత్తి మొక్కుతాను. ప్యాడ్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. మొదటిసారి వచ్చేవాళ్లకు ట్రాక్ ప్యాడ్లు నేను చెప్పను. కొత్తగా వేసిన, కంపెనీ ఇచ్చే రకం ప్యాడ్లు, కొత్త ద్రవం, ఈ రెండూ ఉంటే కేమన్ బరువుకు మొదటి రోజు గడిచిపోతుంది. ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు, మొదటి చుట్టులోనే కంగారు పుట్టిస్తాయి. పైగా ప్యాడ్లు అలసిపోవడం కూడా ఒక పాఠమే. అది ఎలా ఉంటుందో కాలికి తెలియాలి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత నొక్కినా కారు ఆగకపోతే, మాడు వాసన వస్తే, అది ప్యాడ్ల అలసట. రెండు చుట్లు నెమ్మదిగా తిరిగితే చాలావరకు కోలుకుంటుంది. పెడల్ మెత్తబడి కిందికి దిగుతుంటే అది ద్రవం. దానికి ఆ రోజుకి మందు లేదు. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడినా నమ్మకండి, ఒకసారి మరిగిన ద్రవంతో ఆట ముగిసినట్టే. గాలి తీసి కొత్త ద్రవం నింపేదాకా బయటికి వెళ్లకండి. మొదటిది హెచ్చరిక, రెండోది తీర్పు.

కొత్తవాళ్లు బ్రేకులను వేడెక్కించేది గట్టిగా తొక్కి కాదు, మెల్లగా ఎక్కువసేపు తొక్కి. భయంతో 250 మీటర్ల ముందే పెడల్ మీద కాలు ఆనించి, మలుపు దాకా ఈడ్చుకుంటూ వస్తారు. వేగం తగ్గించడానికి పడే వేడి ఎటూ తప్పదు. ఈడ్చినప్పుడు తేడా ఏమిటంటే, ప్యాడ్లు డిస్కుకు అతుక్కుని ఉండే సమయం రెట్టింపై వేడంతా ప్యాడ్ల గుండా కాలిపర్‌లోకి నానుతుంది, డిస్కుకు గాలి పోసుకునే తీరిక దొరకదు. తిన్నగా ఉన్నప్పుడు, పొట్టిగా, గట్టిగా తొక్కి, వదిలేయండి. వదలడం మాత్రం మెల్లగా.

తిన్నటి దారి సగంలో ఎడమ కాలితో పెడల్‌ను ఒక్కసారి తాకి చూడండి. గట్టిగా ఉందా లేదా అన్నది ఆ తాకిడే చెబుతుంది. మెత్తగా ఉంటే మీ చేతిలో ఇంకా చాలా దారి ఉంది. మలుపు దగ్గర తెలిస్తే ఏమీ ఉండదు. ఏ కాలు ఎక్కడో ముందు నిలిచి ఉన్న కారులో సాధన చేయండి. క్లచ్చికి అలవాటు పడిన ఎడమ కాలు మొదట్లో బ్రేకును తాకబోయి తన్నేస్తుంది.

జారుడును సర్దే కంప్యూటర్ వ్యవస్థను ఆపకండి. అయితే అది ఎప్పుడు పనిచేసినా ఏదో ఒక చక్రానికి బ్రేకు వేసే సర్దుతుందని తెలిసి ఉండాలి. దీపం మిణుకుమన్న ప్రతిసారీ మీ బ్రేకులు మీకు తెలియకుండా కొంత వేడెక్కుతున్నాయి. దీపం తరచూ వెలుగుతుంటే తప్పు మలుపులోకి వెళ్లే తీరులో ఉంటుంది, దాన్ని పక్కనున్నవారిని అడగండి.

ఆఖరి చుట్టు బ్రేకులు ముట్టుకోకుండా, పై గేర్లలో తిరిగి రండి. ఆగాక బ్రేకు పెడల్ మీద కాలు ఉంచవద్దు. హ్యాండ్‌బ్రేకు లాగవద్దు. మీ కారులో దానికి వెనక డిస్కు మధ్యలో విడి డ్రమ్ము ఉంటుంది కాబట్టి ప్యాడ్లు అంటుకునే బాధ లేదు, అయినా వేడి డ్రమ్ములో షూలను బిగించి ఉంచడం మంచిది కాదు. గేరులో వదిలి, చక్రానికి దిమ్మ పెట్టండి. ఇరవై నిమిషాల్లో నాలుగు నిమిషాలు వేడెక్కడానికి, మూడు చల్లారడానికి పోతే నష్టపోయినట్టు అనుకోకండి.

పాత_పానా:

ప్యాడ్ల అలసట పాఠం అంటున్నారు మీరు. నేను బ్రేకుల పాఠం కంకరలో నేర్చుకున్నాను, నా తలుపు వైపు నుంచి దిగలేనంతగా. అయినా పక్కన మీలాంటివారు ఉంటారు కాబట్టి వాదన ఆపుతాను.

ఏ ప్యాడ్లు వేసినా ఒక్క విషయంలో బద్ధకించకండి. వేసిన రోజే బెడ్డింగ్ చేయాలి. ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలుచగా, సమానంగా పూతలా పట్టాలి, అప్పుడే అసలు పట్టు వస్తుంది. ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 40కి ఓ మోస్తరు గట్టిగా ఎనిమిది, పదిసార్లు, ఏబీఎస్ లేవకుండా, ఒక్కసారి కూడా పూర్తిగా ఆగకుండా. ఆ తరువాత పది నిమిషాలు బ్రేకు అవసరం లేకుండా నడిపి చల్లార్చాలి. ప్యాడ్ల పెట్టె మీద ఇంకో తీరు రాసి ఉంటే నా మాట కాదు, ఆ మాటే వినండి.

చక్రాల బోల్టులు మీ కారుకు 130 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచితో బిగించి, మొదటి విడత తరువాత చక్రాలు చల్లారాక మళ్లీ చూడండి.

మధ్య_ఇంజిన్:

అందరికీ దండాలు. రెండు వారాల పని ఒక్కచోట చెబుతాను.

కొలిస్తే ముందు ఎడమ డిస్కు 26.1, కుడిది 26.3. వెనకవి 23 దగ్గర. ముందు రెండూ మార్చాను. పాత ఎడమ డిస్కును వెలుతురులో తిప్పి చూస్తే ఒక గీత రంధ్రం నుంచి రంధ్రానికి పాకి ఉంది. చక్రం మీద ఉండగా నాకు అది కనిపించనే లేదు. ప్యాడ్ల విషయంలో ఇద్దరి మాటా సగం సగం విన్నాను. ట్రాక్ రకం కాదు, రోడ్డు ప్యాడ్లలోనే ఎక్కువ వేడికి ఓర్చే రకం నాలుగు చక్రాలకూ వేశాను.

గాలి తీసే రోజు చుక్కలు కనిపించాయి. వెనక కుడి కాలిపర్ లోపలి నిపుల్ తుప్పుకు బిగుసుకుపోయింది. బలం చేస్తే విరిగేటట్టు ఉంది. రెండు రోజులు తుప్పు వదిలించే నూనె పోసి, ఆరు పలకల పానా పట్టి మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే వదిలింది. అంతా అయ్యాక పెడల్ పాతదానికంటే మెత్తగా ఉంది! రాత్రంతా నిద్ర లేదు. మరునాడు మళ్లీ మొదటి నుంచి చేస్తే ఆ నిపుల్ దగ్గరే మూడు పెద్ద బుడగలు వచ్చాయి. ఇప్పుడు రాయి. క్లచ్చి నిపుల్‌కు చేయి పట్టక మోచేయి గీరుకుంది, అది వేరే సంగతి.

ఎల్లుండి ట్రాక్ డే.

మధ్య_ఇంజిన్:

వెళ్లి వచ్చాను. కంకరలోకి పోలేదు.

మొదటి రెండు విడతల్లో 160 దాటలేదు. శిక్షకులు నవ్వి ఊరుకున్నారు. మూడో విడతలో 190 చూశాను. నేను మలుపుకు 200 మీటర్ల ముందున్న బోర్డు దగ్గరే తొక్కుతుంటే, ఆయన వేలు 150 బోర్డును చూపిస్తూ ఉంది. నాలుగో విడత ఆరో చుట్టులో మాడు వాసన వచ్చింది. ఎడమ కాలితో తాకి చూస్తే పెడల్ గట్టిగానే ఉంది. ఇక్కడ చదవకపోయి ఉంటే ఆ వాసనకే నేను కొండ దారి గుర్తొచ్చి పిచ్చెత్తేవాడిని. ప్యాడ్లేనని తెలిసి, రెండు చుట్లు ఊరికే తిరిగి లోపలికి వచ్చాను. ఐదో విడతలో మళ్లీ మామూలే. ఒక్కసారి కూడా పెడల్ దిగలేదు.

లెక్కల_మనిషి గారూ, మీ రంగులు గీశాను. ముందు డిస్కుల మీద ఆకుపచ్చ మారింది, నారింజ సగం మారి సగం మిగిలింది, ఎరుపు చెక్కుచెదరలేదు. వెనక ఆకుపచ్చ మాత్రమే. ముందు ప్యాడ్లు కొత్తవాటికంటే 2 మి.మీ. తగ్గాయి.

ఇప్పుడు కొత్త బాధ. ఇంటికి వచ్చేటప్పుడు 110 దగ్గర బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. 60 దగ్గర లేదు. పొద్దున ట్రాక్‌కు వెళ్లేటప్పుడు ఇది లేదు. రెండు వారాల కిందట వేసిన కొత్త డిస్కులు వంగిపోయాయా?

పాత_పానా:

ఇనుప డిస్కు అంత తేలిగ్గా వంగదు. ఎక్కువసార్లు అది డిస్కు మీద ఒక చోట ప్యాడ్ పదార్థం మచ్చలా అంటుకోవడం. ఆ మచ్చ దగ్గర పట్టు వేరు, మిగతా చోట వేరు. అందుకే వణుకు.

ఒక్క ప్రశ్న. ఏదో ఒక విడత అయ్యాక, బ్రేకులు బాగా వేడిగా ఉండగా, కారు ఆపి పెడల్ మీద కాలు ఉంచారా?

మధ్య_ఇంజిన్:

లేదు, ప్రతిసారీ గేరులోనే వదిలాను. దిమ్మ కూడా నేనే తీసుకెళ్లాను.

ఒక్క నిమిషం. ఐదో విడత. చల్లార్చే చుట్టు సగంలోనే జెండా చూపించి లోపలికి పిలిచేశారు. ట్రాక్ నుంచి లోపలికి వచ్చే పిట్ దారిలో ముందు కారు ఆగింది, దారి కాస్త పల్లంగా ఉంది. నేను శిక్షకుడికి 190 గురించి చెబుతూ ఉన్నాను. రెండు నిమిషాలు పైనే చెప్పి ఉంటాను. కాలు పెడల్ మీదే ఉంది.

రెండో_మలుపు:

అందరూ ఐదో విడతలోనే మరిచిపోతారు. అలసట, ఆనందం రెండూ కలిసే సమయం అది. నేనైతే మిమ్మల్ని మాట్లాడనిచ్చేదాన్ని కాదు.

పాత_పానా:

మచ్చ కొత్తదైతే చాలావరకు పోతుంది. రేపు ఖాళీ రోడ్డు దొరికితే మొదటి రోజు చేసిన బెడ్డింగ్ మళ్లీ మొదటి నుంచి చేయండి. ఈసారి కొంచెం గట్టిగా, పన్నెండుసార్ల దాకా. తగ్గకపోతే డిస్కు విప్పి, గరుకు కాగితంతో రెండు వైపులా రుద్ది, ప్యాడ్ల ముఖం కూడా రుద్ది మళ్లీ వేయండి. అప్పటికీ వణికితేనే డయల్ గేజి పెట్టి డిస్కు వంకర ఉందేమో కొలుద్దాం. అంతవరకు కొత్త డిస్కులు కొనకండి.

మధ్య_ఇంజిన్:

పొద్దున ఆరింటికి వెళ్లి పన్నెండుసార్లు చేశాను. ఏడోసారికి వణుకు సగమైంది, పదకొండోసారికి పోయింది. వచ్చేటప్పుడు దారిలో ఎర్ర దీపం ఎదురైంది. చాలా ముందునుంచే గేర్లతో నెమ్మదించి, అది పచ్చబడేదాకా ఆగకుండా పాకుతూ వచ్చాను. వెనకాల స్కూటరు ఆయన హారన్ కొడుతూనే ఉన్నాడు.